పరిగె ఏరే చేతులు

(ఆర్థిక అసమానతలు, బతుకు అభద్రత, కళ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

కళ గురించి మాట్లాడేవాళ్లు లెక్కలను చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. అందుకే లెక్కతోనే మొదలుపెడతాను. ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం భూమ్మీద ఉన్న మొత్తం సంపదలో 76 శాతం పైవరుసలోని పది శాతం మంది చేతుల్లో ఉంది. కింది సగం జనాభాకు, అంటే ఇద్దరిలో ఒకరికి, అందరికీ కలిపి దక్కింది 2 శాతం. ఎందరో పరిశోధకులు ఏళ్ల తరబడి పన్నుల రికార్డులనూ సర్వేలనూ జల్లెడ పట్టి తేల్చిన అంకెలు ఇవి. ఆ శ్రమకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటిసారి ఈ అంకెలు చదివినప్పుడు నాకేమీ కాలేదు. 76, 2. చదివాను, పేజీ తిప్పాను. ఆ పేజీ అంత తేలిగ్గా ఎందుకు తిరిగిందన్నదే ఇవాళ నా ప్రశ్న.

ఈ ఇబ్బంది ఆర్థికవేత్తలకు తెలియనిది కాదు. అసమానతను కంటికి చూపించడానికి అమెరికన్ మాక్స్ లోరెంజ్ 1905లో ఒక వంపు గీత గీశాడు. ఇటలీ గణాంకవేత్త కొరాడో జీనీ 1912లో మొత్తం వ్యవహారాన్ని సున్నాకూ ఒకటికీ మధ్య ఒకే ఒక్క అంకెలోకి కుదించాడు. ఆ తర్వాత 1971లో డచ్ ఆర్థికవేత్త యాన్ పెన్ ఇంకో పని చేశాడు. ఊరేగింపు ఒకటి ఊహించుకోమన్నాడు. దేశంలోని జనమంతా సరిగ్గా ఒక గంటలో మీ ముందు నుంచి నడిచి వెళ్తారు. ఎవరి ఆదాయం ఎంతో వారి ఎత్తు అంత. సగటు ఆదాయం ఉన్నవాడు సగటు మనిషంత ఎత్తుంటాడు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనుక.

మొదట తలకిందులుగా నడిచేవాళ్లు వస్తారు, నష్టాల్లో ఉన్నవాళ్లు వాళ్లు. తర్వాత చీమలంత, అగ్గిపుల్లలంత మనుషులు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు గడుస్తాయి. అరగంటకు సగం జనం వెళ్లిపోయారు, కానీ మీ కళ్లల్లోకి సూటిగా చూడగల మనిషి ఇంకా రాలేదు. ఇంకో పన్నెండు నిమిషాల్లో ఊరేగింపు ముగుస్తుందనగా సగటు ఎత్తు మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాత ఎత్తులు ఎగబాకుతాయి. చివరి క్షణాల్లో వచ్చేవాళ్ల బూట్లు మాత్రమే మనకు కనిపిస్తాయి, తలలు మేఘాల్లో ఉంటాయి.

గణితం తెలిసిన మనిషి కథ చెప్పవలసి వచ్చింది, చూశారా! వంపు గీత చెప్పిన విషయాన్నే అతను మనల్ని రోడ్డు పక్కన గంటసేపు నిలబెట్టి చూపించాడు. 2013లో పెట్టుబడి మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఫ్రెంచి ఆర్థికవేత్త థామస్ పికెటీ కూడా 19వ శతాబ్దపు సమాజం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు బాల్జాక్, జేన్ ఆస్టిన్ నవలలను పదే పదే తెరిచాడు. ఎవరికి ఏటా ఎంత వస్తుంది, అంత వస్తే ఎవరిని పెళ్లాడవచ్చు, రాకపోతే ఏ ఇంటి గుమ్మం తొక్కలేరు అన్నది ఆ నవలల్లో ప్రతి పాత్రకూ తెలుసు.

మనకొక సామెత ఉంది, కలిమి లేములు కావడి కుండలని. చిన్నప్పుడు నాకిది ఎంతో ఓదార్పుగా అనిపించేది. ఒక కుండ కిందికి దిగితే రెండోది పైకి లేస్తుంది, రేపు తారుమారవుతుంది అని. కానీ 76నూ 2నూ కావడికి కట్టి చూడండి. ఆ కావడి భుజం మీద నిలవదు. అది నిలబడిందంటే ఎవరో దాన్ని నిలబెట్టి పట్టుకున్నారని అర్థం.

ఇక రెండో మాటకు వస్తాను. అసమానతను కొలవడం కష్టమైనా కొలవవచ్చు. అభద్రతను ఎలా కొలుస్తారు? ఇంగ్లీషులో దీన్ని ప్రికేరిటీ అంటున్నారు. ఆ మాటకు మూలం లాటిన్‌లోని ‘ప్రికారియస్’, అంటే వేడుకుని పొందినది. రోమన్ న్యాయంలో ‘ప్రికారియం’ అని ఒక ఏర్పాటు ఉండేది. ఒకరి ఆస్తిని ఇంకొకరు అనుభవించవచ్చు, అద్దె కట్టనక్కర్లేదు, కానీ ఇచ్చినవాడు ఎప్పుడు అడిగితే అప్పుడు వదిలేయాలి. కారణం చెప్పవలసిన అవసరం అతనికి లేదు. ఈ మాటనూ శ్రామికవర్గాన్ని సూచించే మాటనూ కలిపి కొందరు ‘ప్రికేరియట్’ అనే పదం వాడుతున్నారు. 2011లో బ్రిటిష్ ఆర్థికవేత్త గై స్టాండింగ్ పుస్తకం వచ్చాక ఆ పదం బాగా వ్యాపించింది. పదం కొత్తది, స్థితి మాత్రం పాతదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్కలో ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా, దాదాపు 200 కోట్ల మంది, అనధికారిక రంగంలోనే ఉన్నారు.

మన భాషలో ఈ స్థితికి ఏ సిద్ధాంతమూ ఇవ్వలేనంత సూటి మాట ఉంది. రెక్కాడితే గానీ డొక్కాడదు. ఈ మాటను ఒకసారి నెమ్మదిగా వినండి. ఇందులో డబ్బు ప్రస్తావన లేదు. ఒక చెయ్యి, ఒక కడుపు, వాటి మధ్య ఒక్క రోజు. ఇవాళ చెయ్యి ఆడింది కాబట్టి ఇవాళ కడుపు నిండింది, రేపటి సంగతి రేపు. అభద్రత అంటే ఆ ‘రేపు’ మన చేతిలో లేకపోవడం. అందుకే జీతం ఎంత అని అడిగే సర్వేకు అది సగమే చిక్కుతుంది. ఒకే నెలలో ఒకే మొత్తం సంపాదించిన ఇద్దరిలో ఒకరు నిద్రపోతారు, ఇంకొకరు ఫోను పక్కనే పెట్టుకుని, అది మోగుతుందేమో, మోగకపోతే ఏమిటి గతి అని మేలుకుని ఉంటారు. ఆ మేలుకున్న గంటలు ఏ ఖాతాలోనూ ఎక్కవు. యాప్ ద్వారా సరుకులు చేరవేసే పనిలో ఉన్నవాళ్లను అడగండి, ఆర్డరు కోసం ఎదురుచూసిన సమయానికి సాధారణంగా ఎవరూ కూలి కట్టరు.

2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో చెరకు రైతుల మీద చేసినది. చెరకు డబ్బు ఏడాదికొకసారి చేతికొస్తుంది. కోతకు ముందు చేతిలో పైసా ఆడనప్పుడూ, కోత తర్వాత డబ్బు వచ్చినప్పుడూ అదే రైతులకు అవే రకం మేధో పరీక్షలు పెట్టారు. కోతకు ముందు ఫలితాలు తగ్గాయి. తెలివి తగ్గి కాదు. దిగులు బుర్రలో చోటంతా ఆక్రమించింది. పేదవాళ్లు ముందుచూపు లేనివాళ్లని తేలిగ్గా మాట్లాడేవాళ్లందరికీ ఈ పరిశోధనను నేను చదివి వినిపిస్తుంటాను.

ఇప్పుడు తెర మీద బొమ్మ చూడండి. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాంస్వా మిల్లే 1857లో ప్రదర్శించిన చిత్రం. కోత అయిపోయిన గోధుమ పొలంలో ముగ్గురు స్త్రీలు పరిగె ఏరుకుంటున్నారు. ఈ మాట కొందరు పిల్లలకు తెలియకపోవచ్చు. పంట కోసి, కట్టలు కట్టి మోసుకెళ్లాక పొలంలో రాలి మిగిలిన కంకులు పరిగె. వాటిని ఏరుకోవడానికి పేదలను రానిచ్చేవారు. రానివ్వడం అంటున్నాను, గమనించండి. ఇదే ఇందాకటి రోమన్ మాట, వేడుకుని పొందినది.

ఇద్దరు స్త్రీలు నడుము దాకా వంగారు. వాళ్ల తలలు దిగంత రేఖను దాటలేదు, నేలలోనే ఇరుక్కుపోయినట్టు ఉంటాయి. మూడో ఆమె కొద్దిగా లేచి ఉంది, కానీ నిటారుగా లేదు. నడుము పట్టేసి ఒక క్షణం ఆగిందో, మళ్లీ వంగబోతోందో తెలియదు. ముఖాలు నీడలో ఉన్నాయి. చేతులు చూడండి. వంగిన ఒకామె ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుంది, ఆ చేతిలో ఏరిన కంకులు ఉన్నాయి. రెండో చెయ్యి నేల మీద ఉంది. ఇంతసేపు ఏరితే ఆ చేతికి చిక్కినది పిడికెడు. ఇప్పుడు దూరంగా చూడండి. బంగారు వెలుగు అక్కడ పడుతోంది. ఇళ్లంత ఎత్తు కుప్పలు, నిండిన బండి, గుంపుగా కూలీలు, కుడివైపు గుర్రం మీద ఒక మనిషి. అతను చాలా చిన్నగా ఉన్నాడు, మన వేలిగోరు కింద కనబడకుండా పోతాడు. అయినా పొలం మొత్తం అతని చూపులో ఉంది.

76, 2 అన్న అంకెలు ఈ బొమ్మలోనూ ఉన్నాయి. కానీ మిల్లే మనల్ని ఎక్కడ నిలబెట్టాడో చూడండి. గుర్రం పక్కన నిలబెట్టలేదు. మోడుల్లో, ఆ ముగ్గురికి రెండడుగుల దూరంలో నిలబెట్టాడు. కుప్పలను మనం వాళ్ల వైపు నుంచి, అంత దూరంగా చూడక తప్పదు. అప్పటి పారిస్ ప్రేక్షకుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. ఈ ముగ్గురి వెనుక 1793 నాటి విప్లవపు వధ్యవేదికలు కనిపిస్తున్నాయని ఒక విమర్శకుడు రాశాడు. కంకులు ఏరుకుంటున్న ముగ్గురు ఆడవాళ్లను చూసి అంత భయం! అంకెల పట్టిక చూసి ఎవరూ అలా భయపడలేదు. ఇక్కడ నిలబడిన చోటు మారింది.

చిత్రం ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. రేపటి భయం మాత్రం కదిలే కాలంలో ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడంలో సినిమాకు ఒక బలం ఉంది. 1948లో విట్టోరియో డి సీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ మీలో కొందరు చూసే ఉంటారు. యుద్ధం ముగిసిన రోమ్ నగరం. చాలాకాలంగా పనిలేని మనిషికి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. సైకిలు ఉండాలన్నది షరతు. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య ఒక్క మాట కూడా వృథా చేయకుండా మంచం మీది దుప్పట్లు లాగేసి, మూట కట్టి తాకట్టు కొట్టుకు తీసుకెళ్తుంది. కొట్టులో మనిషి ఆ మూట తీసుకుని లోపలికి వెళ్తాడు. కెమెరా అతన్ని చూస్తుంది. అతను అరలు పట్టుకుని ఎక్కుతాడు, ఇంకా ఎక్కుతాడు. అప్పుడు మనకు అర్థమవుతుంది, నేల నుంచి పైకప్పు దాకా ఉన్న అరల నిండా అలాంటి మూటలే. నగరంలోని ఎన్నో ఇళ్ల దుప్పట్లు. నేపథ్యంలో వ్యాఖ్యానం లేదు. ఒక కుటుంబం కథ చూస్తున్న మనకు ఒక్క క్షణంలో నగరం మొత్తం కనిపించింది. నాకు తెలిసి గణాంకాన్ని ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేదు.

ఆ సైకిలు మొదటిరోజే పోతుంది. ఉద్యోగానికీ రోడ్డున పడటానికీ మధ్య రెండు చక్రాలే ఉన్నాయని తెలిసిన మనిషి చివరికి ఏం చేయడానికి తెగిస్తాడో చూడనివాళ్ల కోసం చెప్పకుండా వదిలేస్తాను.

దీని పక్కన 2019లో కెన్ లోచ్ తీసిన ‘సారీ వీ మిస్డ్ యూ’ పెట్టండి. ఇంగ్లండులో పార్సిళ్లు చేరవేసే పనిలోకి దిగిన మనిషి కథ. నువ్వు మా దగ్గర ఉద్యోగివి కావు, నీ యజమానివి నువ్వే అని అతనితో చెబుతారు. వ్యాను తానే సమకూర్చుకోవాలి. దాని కోసం భార్య కారు అమ్మేస్తారు. ఆమె ఇంటింటికీ తిరిగి వృద్ధులకూ రోగులకూ సేవ చేసే మనిషి, ఇక బస్సుల కోసం ఎదురుచూస్తూ తిరగాలి. 1948లో భార్య దుప్పట్లు, 2019లో భార్య కారు. మధ్యలో 71 ఏళ్లు గడిచాయి. మగవాడు పనిలో చేరడానికి ముందు ఆడమనిషి ఏం వదులుకుంటుందో ఈ ఇద్దరు దర్శకులూ చూశారు. ఏ ఉపాధి సర్వేలోనూ ఆ గడి నాకు కనబడలేదు.

సర్వేలకు చిక్కనిది ఇంకొకటి ఉంది, సిగ్గు. చార్లెస్ డికెన్స్‌కు పన్నెండేళ్లప్పుడు, 1824లో, తండ్రి అప్పుల పాలై జైలుకు వెళ్లాడు. పిల్లవాణ్ని బూటు పాలిష్ తయారుచేసే చోట పనికి పెట్టారు. డబ్బాల మీద కాగితాలు అంటించడం పని. తర్వాత ఆయన ప్రపంచమంతా చదివే రచయిత అయ్యాడు. నవలల నిండా అప్పుల జైళ్లు, పనిలో నలిగే పిల్లలు. కానీ ఆ సంగతి ఒక ఆప్తమిత్రుడికి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. సొంత పిల్లలకే తెలియదు. ఆయన చనిపోయాక ఆ మిత్రుడు రాసిన జీవితచరిత్ర వల్ల లోకానికి తెలిసింది. అంత పేరొచ్చాక కూడా నోరు పెగలని మాటను ఆయన పాత్రల చేత పలికించగలిగాడు. నవల ఆయనకు ఆ తోవ ఇచ్చింది. ఇక్కడున్న విద్యార్థుల్లో ఫీజు ఎలా కడుతున్నారో స్నేహితులకు చెప్పుకోలేనివాళ్లు ఉంటే, ఈ మాట వాళ్ల కోసమే చెబుతున్నాను.

కళను ఇంతగా పొగిడాక దాని అప్పు గురించి మాట్లాడకపోతే అన్యాయం. పేదరికాన్ని చూపించిన బొమ్మ కోట్లకు అమ్ముడుపోవచ్చు. డికెన్స్ లాంటి కొద్దిమందిని వదిలేస్తే, పేదవాడికి కళ చేసే తీరికే దొరకదు. డి సీకా సినిమాలో ఆ సైకిలు మనిషిగా నటించినది నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా ప్రపంచమంతా ఆడింది. అతను తిరిగి తన ఫ్యాక్టరీకి వెళ్లాడు, తర్వాత ఆ పని పోయింది. తెర మీద పని పోగొట్టుకున్నవాడు తెర బయట కూడా పోగొట్టుకున్నాడు. ఆ సంగతి తెలిశాక ఆ సినిమాను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

ఇద్దరు ఫొటోగ్రాఫర్ల గురించి చెప్పి ముగిస్తాను. ఒకరు లూయిస్ హైన్. 1908 నుంచి అమెరికాలో జాతీయ బాలకార్మిక సంఘం కోసం గనులు, మిల్లులు, చేపల డబ్బాల ఫ్యాక్టరీలు తిరిగి, పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. యజమానులు రానివ్వరు కాబట్టి మారు వేషాలు వేశాడు. ఆయన చేసిన ఒక పని నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్లవాడి పక్కన నిలబడి, తల ఏ గుండీ దగ్గరికి వచ్చిందో చూసి, జేబులో చెయ్యి పెట్టి కాగితం మీద ఎవరికీ కనబడకుండా రాసుకునేవాడు. పేరు, వయసు, ఎత్తు, ఎన్నాళ్లుగా పనిలో ఉన్నాడు, అన్నీ. ఫొటో ఒక్కటే సరిపోదని ఆయనకు తెలుసు. ఎదిరివాళ్లు అబద్ధమంటారు, అప్పుడు గుండీ సాక్ష్యం చెప్పాలి. కొలతా కళా అక్కడ ఒకే మనిషి ఒంటి మీద కలిశాయి. 1938లో బాలల శ్రమను కట్టడి చేసే జాతీయ చట్టం అమెరికాలో వచ్చింది. అందులో ఎందరిదో పోరాటం ఉంది, ఈయన ఫొటోల వాటా చిన్నది కాదు. రెండేళ్ల తర్వాత, 1940లో, లూయిస్ హైన్ ఇల్లు పోగొట్టుకుని, పేదరికంలో చనిపోయాడు.

రెండో ఆవిడ డొరోథియా లాంగ్. ఆమె 1936 మార్చిలో కాలిఫోర్నియాలో తీసిన ఫొటోను మీరంతా చూసే ఉంటారు. డేరా కింద ఒక తల్లి, గడ్డం దగ్గర చెయ్యి, రెండు భుజాల మీద ముఖాలు దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. బఠానీ పంట మంచుకు దెబ్బతిని కూలీలకు పని లేకుండా పోయిన చోటు అది. లాంగ్ కొద్ది నిమిషాల్లో కొన్ని ఫొటోలు తీసింది, ఒక్కో అడుగూ దగ్గరికి జరుగుతూ. ఆ తల్లి పేరు అడగలేదు. తర్వాత లాంగే రాసింది ఆ సంగతి. ఫొటోలు పత్రికలో పడ్డాక ఆ కూలీల శిబిరానికి తిండిగింజలు కదిలి వెళ్లాయి. అవి చేరేసరికి ఆ తల్లి అక్కడ లేదు, పిల్లలతో వేరే పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆమె ఎవరో లోకానికి తెలిసింది 42 ఏళ్ల తర్వాత, 1978లో. ఆ ఫొటో వల్ల తనకేమీ ఒరగలేదని ఆమె బాధపడింది. లాంగ్‌కూ దాని మీద రాయల్టీ రాలేదు, ప్రభుత్వ ఉద్యోగంలో తీసిన ఫొటో అది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసింది. అలాంటిదేమీ జరగలేదని కుటుంబం తర్వాత చెప్పింది. పేరు అడగని చోట మిగతావి కూడా తప్పిపోతాయి.

ఇప్పుడు ఈ రెండు ప్రతులనూ పక్కపక్కన చూడండి. ఎడమది అసలు ఫొటో. కుడివైపు కింది మూలలో, డేరా గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు కనిపిస్తోంది. కూర్పు చెడగొడుతోందని లాంగ్ కొన్నేళ్ల తర్వాత దాన్ని నెగటివ్ మీద చెరిపించింది. మనం పుస్తకాల్లో చూసేది చాలావరకు ఈ కుడివైపు ప్రతినే. దగ్గరగా చూస్తే ఆ వేలు ఉన్న చోట మసకగా ఒక మచ్చ ఉంటుంది.

నేను లాంగ్‌ను తప్పుపట్టడానికి ఇది చూపించడం లేదు. ఆమె ఆ రోజు వానలో కారు వెనక్కి తిప్పి రాకపోతే మనకీ ముఖమే తెలిసేది కాదు. కానీ ఏళ్ల తరబడి నేను ఆ తల్లి కళ్లే చూశాను. ఆ వేలి సంగతి తెలిశాక గుంజను చూస్తున్నాను. ఒళ్లో ఒకరు, భుజాల మీద ఇద్దరు, తల మీద కొయ్యలకు కట్టిన గుడ్డ, దాన్ని పట్టుకున్న ఆ చెయ్యి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ఎడమ ప్రతిని తెర మీద అలాగే ఉంచండి.